ఆటలు నేర్పే మనిషి ఎక్కడ? మండల స్థాయిలో క్రీడా సిబ్బంది నైపుణ్యాల కొరతపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఊళ్లో గ్రౌండ్ ఉంది, గోల్‌పోస్టులు ఉన్నాయి, పిల్లలు ఉన్నారు. సాయంత్రం అయిదింటికి వాళ్లను చేరదీసి నేర్పే మనిషి మాత్రం లేడు. రెండు తెలుగు రాష్ట్రాల్లో నేను తిరిగిన మండలాల్లో చాలావాటిది ఇదే కథ. వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాక సర్పంచులు, హెడ్‌మాస్టర్లు, యువజన సంఘాల కుర్రాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. జవాబులు కొన్ని పొడుగ్గా ఉంటాయి. ఆ విషయాలు అలాంటివి.

నైపుణ్యాల కొరత అంటే కోచ్‌లు లేరనేనా?

అది ఒక భాగమే. కొరత మూడు రకాలుగా ఉంటుంది, మూడింటికీ మందు వేరు. అసలు మనిషే లేకపోవడం మొదటిది. మండలం మొత్తంలో ఈత నేర్పేవాళ్లు ఒక్కరూ లేరనుకోండి, అదీ. మనిషి ఉన్నా పనిలో ఒక ముక్క రాకపోవడం రెండోది. కబడ్డీ కోచ్ ఉన్నాడు, పట్టు బాగా నేర్పుతాడు, కానీ కుర్రాడి భుజం జారితే ఏం చేయాలో తెలియక అక్కడికక్కడే చెయ్యి పట్టి లాగేస్తాడు. మూడోదాన్ని చాలామంది గమనించరు. మనిషీ ఉన్నాడు, పనీ వచ్చు, కానీ గ్రౌండ్ మీద వచ్చే డబ్బుతో ఇల్లు గడవక ఫైనాన్స్ కంపెనీ వసూళ్లకో, డెలివరీ బండి మీదికో వెళ్లిపోయాడు.

ఈ మూడో రకానికి శిక్షణ తరగతులు పెట్టి లాభం లేదు. మేం చేసిన ప్రయత్నాలు ఎక్కువగా చెడింది ఇక్కడే. జీతం సమస్యను నైపుణ్యం సమస్య అనుకుని మూడు రోజులు వర్క్‌షాపు పెట్టాం, సర్టిఫికెట్లు పంచాం, ఫొటోలు దిగాం. మరుసటి నెలలో గ్రౌండ్ మళ్లీ ఖాళీ. అందుకే ఏ కొరత కనిపించినా ముందు అది ఏ రకమో తేల్చుకోవాలి.

ఎవరెవరిని లెక్కలోకి తీసుకోవాలి? పీఈటీలు, కోచ్‌లు చాలరా?

చాలరు. ఒక పిల్ల ఇంటి నుంచి గ్రౌండ్‌కి వచ్చి ఆడి క్షేమంగా ఇంటికి చేరేదాకా ఎంతమంది చేతుల మీదుగా వెళ్తుందో చూడండి, వాళ్లంతా లెక్కలోకి వస్తారు. బడిలో పీఈటీ, కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్, అకాడమీ కోచ్, స్విమ్మింగ్ పూల్ దగ్గర లైఫ్‌గార్డ్, జిమ్ ట్రైనర్, యోగా మాస్టారు, కరాటే మాస్టారు, గ్రౌండ్ చదును చేసి గీతలు గీసే మనిషి, అంపైర్లు, రిఫరీలు, ఇండోర్ స్టేడియం వాచ్‌మన్ కూడా. తాళం చెవి ఉండేది ఆ వాచ్‌మన్ దగ్గరే. ఆయన ఆరింటికి వస్తే పిల్లలు అయిదింటి నుంచి గేటు బయట నిలబడతారు.

అంగన్‌వాడీ టీచర్లను, ఆశా కార్యకర్తలను చాలామంది మర్చిపోతారు. మూడేళ్ల పిల్లను గెంతించేది, ఎగిరించేది అంగన్‌వాడీ టీచరే. షుగర్ ఉన్నవాళ్లను నడవమని ఇంటికెళ్లి చెప్పేది ఆశా. శరీర శ్రమకు సంబంధించిన పని వాళ్లూ చేస్తున్నారు, ఆ పేరుతో వాళ్లను ఎవరూ పిలవలేదు, అంతే.

జిల్లా మొత్తానికి ఒకే లెక్క వేస్తే సరిపోదా?

జిల్లా లెక్క పైఅధికారులకు పనికొస్తుంది, మనకు పనికిరాదు. బాపట్ల సూర్యలంక తీరాన కావాల్సింది అలల లోపలికి వెళ్లినవాణ్ని బయటికి లాగే మనిషి. ఉట్నూరు ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉండే పిల్లలకు పొద్దున, సాయంత్రం రెండు పూటలా ఆడించే మనిషి కావాలి. హైదరాబాద్ శివారు కాలనీలో జిమ్‌లు సందుకొకటి ఉన్నాయి, కానీ డెబ్బై ఏళ్ల పెద్దాయన మోకాళ్ల నొప్పితో వస్తే ఏం చేయించాలో తెలిసినవాళ్లు దొరకరు. ఈ మూడూ కలిపి సగటు తీస్తే ఏ ఊరి సంగతీ అందులో ఉండదు.

మండలం సరైన కొలత అని నా అభిప్రాయం. సైకిల్ మీద వెళ్లి రాగలిగినంత దూరంలో మనిషి దొరుకుతాడా లేదా అన్నదే పిల్లలకు అసలు లెక్క.

మరి లెక్క ఎలా మొదలుపెట్టాలి? ఫారాలు పంచాలా?

ఫారాలు చివర్లో. ముందు నడవాలి.

ఒక నోటుపుస్తకం తీసుకోండి. పొద్దున అయిదున్నరకు ఒకసారి, సాయంత్రం అయిదింటికి ఒకసారి మండలంలో జనం ఆడే, నడిచే, వ్యాయామం చేసే ప్రతి చోటికీ వెళ్లండి. బడి గ్రౌండ్, కాలేజీ గ్రౌండ్, చెరువు కట్ట, తెలంగాణలో అయితే 2022లో మొదలైన క్రీడా ప్రాంగణాలు, గంటల లెక్కన అద్దెకిచ్చే బాక్స్ క్రికెట్ టర్ఫ్, ఊరి చివర వేసవిలో తెరిచే ప్రైవేటు ఈత కొలను. ప్రతి చోటా నాలుగు విషయాలు రాసుకోండి: ఎవరు వచ్చారు, ఎవరు నేర్పుతున్నారు, ఎవరు రాలేదు, దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు. మూడో ప్రశ్న కష్టం, ఎందుకంటే లేనివాళ్లను కంటితో లెక్కపెట్టలేం. ఆడపిల్లలు కనిపించారా, వికలాంగులు కనిపించారా, యాభై దాటిన ఆడవాళ్లు కనిపించారా అని మనమే గుర్తు చేసుకుని రాయాలి.

తర్వాత మనుషులతో మాట్లాడాలి. ఇక్కడ ప్రశ్న అడిగే తీరులోనే అంతా ఉంది. 'మీకు ప్రథమ చికిత్స వచ్చా?' అని అడిగితే అందరూ వచ్చనే అంటారు. పరువు విషయం మరి. 'పోయిన సీజన్‌లో ఎవరికైనా దెబ్బ తగిలిందా? అప్పుడు ఏం చేశారు?' అని అడగండి. ఏం చేశారో వింటే వచ్చో రాదో మీకే తెలుస్తుంది. '4×100 రిలేలో బ్యాటన్ మార్చుకునే చోటు ఎంత పొడవు గీస్తారు?' అని అడగండి. 20 మీటర్లు అంటే, ముందుగా పరుగందుకునే పది మీటర్ల భాగం వేరే అంటే, ఆ మనిషి పాత నియమం దగ్గరే ఆగాడని అర్థం. ఇప్పుడా చోటు 30 మీటర్లు. తప్పు ఆయనది కాదు, మారిన సంగతి ఆయనకు చెప్పినవాళ్లు లేరు. ఇలాంటి కొరతను తీర్చడానికి ఒక పూట చాలు. అందుకే వీటిని విడిగా రాసుకోవాలి.

బడుల వివరాలకు యూడైస్ ప్లస్ అనే ప్రభుత్వ సమాచార జాబితా ఉంది. ఏ బడికి ఆటస్థలం ఉందో అందులో దొరుకుతుంది. కాగితం మీద గ్రౌండ్ ఉన్న బడికి ఒకసారి వెళ్లి చూడండి. అక్కడ ఇసుక కుప్పలు ఉండొచ్చు, సగం జాగాలో కొత్త గది లేచి ఉండొచ్చు.

బడుల్లో పీఈటీలు ఉన్నారు కదా, ఇంకా కొరత ఏమిటి?

విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలు చూడండి. 6 నుంచి 8 తరగతుల్లో పిల్లలు 100 మంది దాటితేనే ఆరోగ్య, వ్యాయామ విద్యకు బోధకుడు ఉండాలంటుంది, అదీ పార్ట్‌టైం. 1 నుంచి 5 తరగతుల ఊసే లేదు. పరిగెత్తడం, విసరడం, పట్టుకోవడం, ఒంటికాలి మీద నిలబడటం సరిగ్గా ఒంటబట్టాల్సిన వయసు ఆరు నుంచి పదేళ్లు. ఆ వయసు పిల్లల దగ్గర ఆటలు తెలిసిన మనిషే ఉండడు.

తెలంగాణలో 2024 డీఎస్సీలో భర్తీకి పెట్టిన పోస్టులు 11,062. అందులో పీఈటీ పోస్టులు 182. స్కూల్ అసిస్టెంట్ కేడర్‌లో వచ్చే వ్యాయామ విద్య పోస్టులు వేరే లెక్క అనుకున్నా, ఈ అంకె చూస్తే ప్రాధాన్యం ఎంతో తెలుస్తుంది.

ఉన్న పీఈటీలకు గ్రౌండ్ మీద ఉండే తీరిక ఎక్కడిది? అసెంబ్లీ, క్రమశిక్షణ, మధ్యాహ్న భోజనం దగ్గర వరుసలు, పరీక్షల డ్యూటీలు అన్నీ డ్రిల్లు సారువే. డిసెంబరు వచ్చిందంటే పదో తరగతి ఆటల పీరియడ్ లెక్కల సారుకి వెళ్లిపోతుంది. నా సర్వీసంతా ఆ పీరియడ్ కోసం కొట్లాడాను. కొన్నిసార్లు గెలిచాను.

ప్రాథమిక బడుల విషయంలో నా సూచన ఒక్కటే. ఎస్‌జీటీలకు, అంటే ప్రాథమిక తరగతుల టీచర్లకు, ఏడాదికి నాలుగైదు పూటలు గ్రౌండ్ మీదే శిక్షణ ఇవ్వండి. తొక్కుడుబిళ్ల, నేలాబండా, కోతికొమ్మచ్చి, కుంటాట మనవాళ్లకు తెలిసినవే. వాటిలో బ్యాలెన్స్, చురుకుదనం, చేతికీ కంటికీ పొత్తు అన్నీ ఉన్నాయి. వాటిని వయసుకు తగ్గట్టు ఎలా పేర్చాలో చెబితే చాలు, కొత్త సామాను కొనక్కర్లేదు.

బీపీఈడీ, ఎన్‌ఐఎస్, స్కిల్ సర్టిఫికెట్: వీటి మధ్య తేడా ఏమిటి? మా అబ్బాయి ఏది చేయాలి?

ఈ ప్రశ్న తల్లిదండ్రుల నుంచి ఎక్కువగా వస్తుంది. మూడూ మూడు వేర్వేరు పనులకు.

బడిలో చెప్పాలంటే డీపీఈడీ లేదా బీపీఈడీ కావాలి. రెండు రాష్ట్రాల్లోనూ పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా సీట్లు ఇస్తారు. ఇంటర్ తర్వాత డీపీఈడీ, డిగ్రీ తర్వాత బీపీఈడీ. రెండూ రెండేళ్ల కోర్సులు. పీఈసెట్‌లో రాత పరీక్ష ఉండదు, పరిగెత్తడం, విసరడం, దూకడం, ఆటలో నేర్పు చూస్తారు. కాబట్టి ఇంట్లో కూర్చుని చదివితే వచ్చే సీటు కాదు.

ఒక ఆటలో కోచ్ కావాలంటే పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ ఇచ్చే డిప్లొమా ఉంది. ఎన్‌ఐఎస్ అని అందరూ అనేది దాన్నే. ఆ సంస్థ 1961లో మొదలైంది. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. ఊళ్లో 'ఎన్‌ఐఎస్ కోచ్' అన్నప్పుడు ఏడాది డిప్లొమానా, ఆరు వారాల కోర్సా అని అడగండి. రెండింటికీ చాలా తేడా.

జిమ్ ట్రైనర్, లైఫ్‌గార్డ్, గ్రౌండ్ నిర్వహణ లాంటి పనులకు జాతీయ నైపుణ్య అర్హతల చట్రం కింద కోర్సులు ఉన్నాయి. స్పోర్ట్స్, ఫిజికల్ ఎడ్యుకేషన్, ఫిట్‌నెస్ అండ్ లీజర్ స్కిల్స్ కౌన్సిల్ వాటి ప్రమాణాలు రాస్తుంది. ఈ ప్రమాణాల్లో ఒక మంచి గుణం ఉంది: ఆ ఉద్యోగి ఏమేం చేయగలగాలో పనుల వారీగా రాసి ఉంటుంది. మీరు లెక్క వేసేటప్పుడు ఆ జాబితాను పక్కన పెట్టుకుంటే ఏ ముక్క లోపించిందో సులభంగా పట్టుకోవచ్చు.

ఇక మీ అబ్బాయి సంగతి. వాడికి చిన్నపిల్లలతో ఓపిక ఉందా చూడండి. ఆట బాగా ఆడతాడా అన్నది దాని తర్వాతే.

మా ఊళ్లో ఒకాయన పాతికేళ్లుగా నేర్పుతున్నాడు. సర్టిఫికెట్ లేదు. ఆయన్ని పక్కన పెట్టాలా?

పొరపాటున కూడా ఆ పని చేయకండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట. ఆమెకు ఓనమాలు నేర్పింది ఆమదాలవలసలో నీలంశెట్టి అప్పన్న. ఒక చిన్న ఊళ్లో ఒక గురువు పట్టుదలగా కూర్చుంటే ఏం జరుగుతుందో మనకు చూపించిన చోటది. అక్కడ మొదట ఉన్నది స్టేడియం కాదు, మనిషి.

అలాంటివాళ్లకు ముందుగా నేర్చుకున్నదాన్ని గుర్తించే ఆర్‌పీఎల్ అనే పద్ధతి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. కోర్సు మొత్తం మళ్లీ చేయకుండా, వచ్చిన పనిని పరీక్షించి, లోటున్న భాగం నేర్పి సర్టిఫికెట్ ఇస్తారు. ఖేలో ఇండియా చిన్న కేంద్రాల ఆలోచన కూడా ఇలాంటిదే. దేశంలో 1,000 కేంద్రాలు పెట్టి, మాజీ ఆటగాళ్లనే కోచ్‌లుగా నిలబెట్టాలన్నది దాని లక్ష్యం.

ఒక జాగ్రత్త. పాతికేళ్ల అనుభవంలో కొన్ని పాత అలవాట్లూ ఉంటాయి. తప్పు చేసిన పిల్లాణ్ని ఎండలో పరిగెత్తించడం, ప్రాక్టీసు మధ్యలో నీళ్లు తాగనివ్వకపోవడం, బరువు తగ్గాలని అన్నం మాన్పించడం. 'గురువుగారూ, ఇది మారింది' అని చెప్పేటప్పుడు నలుగురి ముందు చెప్పకండి. ఆయన శిష్యుల్లో పెద్దవాడి చేత ఒంటరిగా చెప్పించండి. వింటారు.

చాలా కొరతలు కనిపించాయి. ఏది ముందు తీర్చాలి?

ప్రాణానికి సంబంధించినవి ముందు. పతకాలకు సంబంధించినవి తర్వాత. దీని మీద నాకు రెండో మాట లేదు.

గుండె ఆగి పడిపోయిన మనిషికి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ అయిదారు సెంటీమీటర్లు దిగేలా నొక్కడం ప్రతి గ్రౌండ్‌లో కనీసం ఇద్దరికి రావాలి. ఇద్దరు ఎందుకంటే ఒకరు అలిసిపోతారు. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి, గేటు తీయాలి. ఈ నేర్పు ఒక పూటలో వస్తుంది, ఏడాదికోసారి బొమ్మ మీద మళ్లీ చేయకపోతే పోతుంది.

నీళ్లలో మునిగినవాళ్ల విషయంలో మన ఊళ్లలో పాతుకుపోయిన తప్పు ఒకటుంది: కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం. ఆ నిమిషాల్లో మనిషికి కావాల్సింది ఊపిరి. నోటితో ఊపిరి ఇస్తూ ఛాతీ నొక్కాలి. పొట్ట నొక్కితే కక్కింది ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. వేసవిలో బావుల్లో, చెరువుల్లో, కాలువల్లో ఈతకు దిగే పిల్లలు పోతున్న వార్త చూసినప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తుంది: ఒడ్డున ఉన్నవాళ్లలో ఒక్కరికైనా ఈ సంగతి తెలిసి ఉంటే?

మూడోది ఎండ. మన వేసవి శిక్షణ శిబిరాలన్నీ మే నెలలోనే. రెంటచింతల, రామగుండం ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది. ఆడుతున్న పిల్లాడు తికమకగా మాట్లాడినా, తూలినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే అనుకుని అక్కడే చల్లబరచాలి. నీడకు చేర్చి, దొరికినంత చల్లని నీళ్లతో ఒళ్లంతా తడిపి, విసరాలి. 108 వచ్చేదాకా ఆ పని ఆపకూడదు. స్పృహ సరిగ్గా లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు. శిబిరం పెట్టే ప్రతి కోచ్‌కీ ఈ నాలుగు వాక్యాలు కంఠతా రావాలి.

ఈత కొలనుల దగ్గర ఎవరు ఉండాలి?

ఈత నేర్పే మనిషి, కాపలా కాసే మనిషి వేర్వేరుగా ఉండాలి. నేర్పేవాడి కళ్లు తన ముందున్న నలుగురి మీద ఉంటాయి. అయిదోవాడు మునిగితే చప్పుడు కూడా రాదు, సినిమాల్లోలా చేతులూపి కేకలు వేయడం ఉండదు. కొలను అద్దెకిచ్చే యజమానిని 'లైఫ్‌గార్డ్ ఎవరు?' అని అడగండి. నేర్పేవాణ్నే చూపిస్తే మీ పుస్తకంలో 'లేడు' అని రాసుకోండి.

జిమ్ ట్రైనర్లను కూడా మనం పట్టించుకోవాలా? అవి ప్రైవేటు వ్యాపారాలు కదా.

మన కుర్రాళ్లు పొద్దున, సాయంత్రం ఉండేది అక్కడే. కాబట్టి పట్టించుకోవాలి. కొన్నిచోట్ల ఏడాది కిందట సభ్యుడిగా చేరిన కుర్రాడే ఇవాళ ట్రైనర్. కండలు ఉంటే చాలు, శరీరం గురించి తెలుసనుకుంటారు. ఆపరేషన్ సమయంలో రక్తపోటు పడిపోకుండా డాక్టర్లు ఇచ్చే మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లను జిమ్‌కి వెళ్లేవాళ్లకు అమ్ముతూ హైదరాబాద్‌లో మనుషులు పట్టుబడ్డారు. పద్దెనిమిదేళ్ల పిల్లాడి గుండెతో ఆడుకోవడం అది.

యజమానులతో గొడవ పెట్టుకోవడం కంటే, మండలంలోని ట్రైనర్లందరినీ నెలకో పూట ఒకచోట కూర్చోబెట్టడం మేలు. పీహెచ్‌సీ డాక్టరును పిలిచి గుండె, కిడ్నీ, మందుల గురించి మాట్లాడించండి. కొత్త సభ్యుడు చేరగానే అడగాల్సిన ప్రశ్నలు, అంటే ఛాతీ నొప్పి వస్తుందా, బీపీ ఉందా, మందులు వాడుతున్నారా అన్నవి ఒక కాగితం మీద రాసిచ్చి కౌంటర్ దగ్గర పెట్టించండి.

ఆడపిల్లలు ఎనిమిదో తరగతి దాటాక గ్రౌండ్‌కి రావడం లేదు. ఇది కూడా నైపుణ్యాల కొరతేనా?

చాలావరకు అవును. నెలసరి రోజుల్లో ప్రాక్టీసు ఎలా ఉండాలో, రక్తహీనత ఉన్న పిల్లను ఎంత పరిగెత్తించాలో, సరైన బట్టలు లేక ఇబ్బంది పడుతున్న పిల్లతో ఎలా మాట్లాడాలో మగ కోచ్‌కి ఎవరూ నేర్పలేదు. ఆయన ఆ మాటే ఎత్తడు, పిల్ల మానేస్తుంది. 'ఇంట్లో పంపడం లేదట' అనుకుని ఊరుకుంటాం. ఆడ కోచ్ ఒక్కరు వచ్చినా తల్లుల ధైర్యం మారిపోతుంది. బీపీఈడీ చేసి, పెళ్లయి, ఇంట్లో ఉండిపోయిన అమ్మాయిలు ప్రతి మండలంలో ఉన్నారు. మీ లెక్కలో వాళ్ల పేర్లు రాయండి. రోజుకు రెండు గంటలు, ఇంటికి దగ్గర్లో, పసిపిల్లను వెంట తెచ్చుకునే వీలుంటే వాళ్లలో వచ్చేవాళ్లున్నారు.

భద్రత సంగతి తప్పక చెప్పాలి. పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 'పనిచోటు' అన్న మాటలో స్టేడియంలను, క్రీడా సంస్థలను, పోటీలు జరిగే చోట్లను పేరు పెట్టి మరీ చేర్చింది. పదిమంది కంటే తక్కువ సిబ్బంది ఉన్నచోట ఫిర్యాదు జిల్లా స్థాయి కమిటీకి వెళ్తుంది. పిల్లల విషయంలో పోక్సో చట్టం, 2012 ప్రకారం నేరం జరిగిందని తెలిసినవాళ్లు చెప్పి తీరాలి, దాస్తే శిక్ష. పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఇవి తెలియని కోచ్‌ని, ఎంత గొప్ప కోచ్ అయినా, పిల్లల మధ్యకు పంపకూడదు.

వికలాంగులకు నేర్పేవాళ్లను ఎక్కడ నుంచి తేవాలి?

ఎక్కువ సందర్భాల్లో కొత్తవాళ్లను తేనక్కర్లేదు, ఉన్నవాళ్ల చూపు మారాలి. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024లో కోబెలో జరిగిన పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీల్లో 400 మీటర్ల టీ20 విభాగంలో (మేధోపరమైన ఇబ్బంది ఉన్నవాళ్ల పరుగు) 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆ పిల్ల పరుగును మొదట గమనించింది బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆయన కన్ను అటు పడకపోతే ఊళ్లోవాళ్ల వెక్కిరింతలే ఆమెకు మిగిలేవి.

వికలాంగుల హక్కుల చట్టం, 2016లో 30వ సెక్షన్ పూర్తిగా క్రీడల గురించే. కోచ్‌కి ముందు నేర్పాల్సినవి చిన్నవి: చెవిటి పిల్లకు ఈలకు బదులు జెండా ఊపడం, చూపులేని పిల్లాడికి చేయి పట్టి కదలిక చూపించడం, చక్రాల కుర్చీ గ్రౌండ్‌లోకి వచ్చే దారి చదును చేయించడం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయులను, పీఈటీలను ఒక వారం కలిపి కూర్చోబెడితే ఇద్దరికీ లాభం.

ఇది పిల్లల వ్యవహారమేనా? పెద్దవాళ్ల మాట ఏమిటి?

లాన్సెట్ గ్లోబల్ హెల్త్ 2024లో వేసిన అంచనా ప్రకారం 2022 నాటికి మన దేశంలో పెద్దల్లో 49.4 శాతం మందికి చాలినంత శరీర శ్రమ లేదు. ఆడవాళ్లలో అది 57 శాతం, మగవాళ్లలో 42 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చేయమంటుంది. 65 దాటినవాళ్లు పడిపోకుండా ఉండాలంటే వారానికి మూడు రోజులు బ్యాలెన్స్ వ్యాయామాలు కూడా చేయాలంటుంది. ఇవి చేయించగల మనిషి మీ మండలంలో ఎవరు? నా లెక్కల్లో ఈ గడి దాదాపు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

వాకర్స్ క్లబ్బు పెద్దలతోనే మొదలుపెట్టొచ్చు. ఇన్సులిన్ వేసుకుని ఏమీ తినకుండా నడకకు వచ్చినాయనకు కళ్లు తిరిగితే స్పృహలో ఉండగానే పంచదార ఇవ్వాలని, షుగర్ ఉన్నవాళ్లు చెప్పుల్లేకుండా నడవకూడదని తెలిసిన ఒక్కరు ప్రతి బ్యాచ్‌లో ఉండాలి.

అంపైర్లు, గ్రౌండ్ గీసేవాళ్ల గురించి ఎవరూ అడగరు. అది ముఖ్యమా?

ముఖ్యమే. మగవాళ్ల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఆడవాళ్లది 12, 8. ఒకే కోర్టులో అందరినీ ఆడించి పై పోటీలకు పంపితే ఆడపిల్లలు అక్కడి గీతల దగ్గర తడబడతారు. 400 మీటర్ల పరుగులో రెండో లేన్‌వాణ్ని 7.04 మీటర్లు ముందు నిలబెట్టాలి. అది తెలియక సున్నం గీతలు అడ్డదిడ్డంగా గీస్తే గెలిచినవాడు ఓడిపోతాడు. ఆట మానేసిన ఇరవై అయిదేళ్ల కుర్రాళ్లకు ఇది మంచి పని. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీల ముందు ఒక ఆదివారం టేపు, తాడు ఇచ్చి నేర్పితే వస్తుంది.

శిక్షణ ఇప్పిస్తే ఊరు వదిలి వెళ్లిపోతున్నారు. ఏం చేయాలి?

వెళ్లేవాళ్లను తప్పు పట్టకండి. రోజుకు రెండు గంటల పని, అదీ ఏడాదిలో కొన్ని నెలలే దొరికితే ఎవరైనా వెళ్తారు. చిన్న చిన్న పనులను కలిపి ఒక నిండు ఉద్యోగంగా కుట్టడం ఒక్కటే దారి. పొద్దున పెద్దలకు వ్యాయామం, పగలు రెండు ప్రైవేటు బళ్లలో పీరియడ్లు, సాయంత్రం గ్రౌండ్‌లో కోచింగ్, మేలో వేసవి శిబిరం. ఒక్కొక్కరు ఇచ్చేది కొంచెమే అయినా అన్నీ ఒకే మనిషికి, ప్రతి నెలా ఒకే తారీఖున అందాలి. డబ్బు తక్కువైనందుకు కాదు, ఎప్పుడు వస్తుందో తెలియనందుకు వెళ్లిపోయినవాళ్లను నేను చూశాను.

డబ్బు ఎక్కడిది?

కంపెనీల చట్టం, 2013 ఏడో షెడ్యూలులో సీఎస్ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే డబ్బు, ఖర్చు చేయదగ్గ పనుల జాబితా ఉంది. అందులో గ్రామీణ క్రీడలకు, జాతీయ గుర్తింపున్న క్రీడలకు, పారాలింపిక్, ఒలింపిక్ క్రీడలకు 'శిక్షణ' అని స్పష్టంగా రాసి ఉంది. మనవాళ్లు కంపెనీల దగ్గరికి వెళ్లి జెర్సీలు, కప్పులు అడుగుతారు. మీ నోటుపుస్తకంలోని లెక్క చూపించి, ఫలానా ఇద్దరికి లైఫ్‌గార్డ్ శిక్షణ, ఒక ఆడ కోచ్‌కి రెండేళ్ల జీతం అని అడగండి. లెక్క ఉన్న అర్జీకి వచ్చే గౌరవం వేరు. అదే లెక్క ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా క్రీడాభివృద్ధి అధికారికి, తెలంగాణలో జిల్లా యువజన క్రీడల అధికారికి కూడా ఇవ్వండి.

ఇతర దేశాల్లో ఇలాంటిది ఎవరైనా చేస్తున్నారా?

ఇంగ్లండ్‌లో సింస్పా అనే వృత్తి సంస్థ చేస్తోంది. ఒక్కో ప్రాంతంలో ఉద్యోగం ఇచ్చేవాళ్లను, కాలేజీలను, శిక్షణ సంస్థలను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఆ ప్రాంతానికి ఏ నేర్పు కొరవడిందో తేల్చి ప్రణాళిక రాస్తుంది. మనం తీసుకోదగ్గది ఆ కూర్చోబెట్టడమే. మన దగ్గర ఉద్యోగం ఇచ్చేది పంచాయతీ, ప్రైవేటు బడి, జిమ్ యజమాని, హాస్టల్ వార్డెన్. ఈ నలుగురూ ఒక గదిలో కూర్చున్న సందర్భం మీ మండలంలో ఎప్పుడైనా ఉందా?

కొరత తీరిందని ఎలా తెలుస్తుంది?

ఎంతమందికి శిక్షణ ఇచ్చాం అన్న అంకెతో తెలియదు. ఏడాది తర్వాత అదే నెలలో, అదే వేళకు, అవే చోట్లకు వెళ్లి అవే నాలుగు ప్రశ్నలు రాసుకోండి. శిక్షణ పొందినవాళ్లలో ఎవరు ఇంకా గ్రౌండ్ మీద ఉన్నారో పేర్లతో చూడండి.

నేనొక్కడినే ఉన్నాను. రేపు ఏం చేయమంటారు?

నోటుపుస్తకం, పెన్ను, ఒక నీళ్ల సీసా పట్టుకుని మీ ఇంటికి దగ్గర్లో ఉన్న గ్రౌండ్‌కి సాయంత్రం అయిదింటికి వెళ్లండి. గంటన్నర ఉండండి. రేపు ఆదివారం అయితే మాత్రం ఎల్లుండి వెళ్లండి. ఆదివారం క్రికెట్ టోర్నమెంటు నడుస్తుంది, మామూలు రోజు ఆ గ్రౌండ్ ఎలా ఉంటుందో కనిపించదు.